పదిహేను నిమిషాల పొగకు చిన్న పైపు: ఇరవై డాలర్లలో ఏది కొనాలి?

ప్రశ్న: సగంతలుపు (డెట్రాయిట్ శివారు)

అందరికీ నమస్కారం. నాకు యాభై దాటాయి. సిగరెట్టు మానేసి తొమ్మిదేళ్లయింది. మూడేళ్లుగా వారానికి రెండు మూడు సార్లు పైపు తాగుతున్నాను. ఇది కూడా మానెయ్యమన్న సలహా ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను కనుక, ఇక్కడ పనిముట్టు గురించి మాత్రమే అడుగుతాను.

నా దగ్గర ఉన్నది ఒకే ఒక పైపు. పదవీ విరమణ చేస్తూ పాత సహోద్యోగి ఒకరు ఇచ్చి వెళ్లారు. బ్రయర్ చెక్కతో చేసిన, కాడ వంపు తిరిగిన పెద్ద పైపు అది. స్కేలు పెట్టి కొలిస్తే గిన్నె లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లు, లోతు 38 మిల్లీమీటర్లు ఉన్నాయి. నిండా కూరి నెమ్మదిగా తాగితే దాదాపు గంట పడుతుంది. వేసవిలో పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నప్పుడు అంతకంటే కావలసినది లేదు. చిక్కంతా నవంబరు నుండి మార్చి వరకే. గరాజు తలుపు సగం ఎత్తి నిలబడి తాగాలి, పదిహేను ఇరవై నిమిషాలకే వేళ్లు కొంకర్లు పోతాయి. సగం కూడా కాలని పొగాకును దులిపి పారేయవలసి వస్తోంది. అలాగే ఉంచి మర్నాడు మళ్లీ ముట్టిస్తే మొదటి దమ్ములోనే తడిసిన బూడిద రుచి తగులుతోంది.

అందుకని చలికాలానికి ఒక చిన్న పైపు కొందామని ఉంది. ఇరవై డాలర్లు మించకూడదు, ఎందుకంటే చలికి బిగిసిన వేళ్లలోంచి అది ఏదో ఒక రోజు సిమెంటు నేల మీద పడడం ఖాయం. చూస్తే మొక్కజొన్న బెండుతో చేసినవి, మట్టివి, పుట్టీ పూసిన చౌక బ్రయర్ పైపులు, పియర్ చెక్కవి, మరీ బొటనవేలంత ఉన్నవి కూడా కనిపించాయి. చిన్న గిన్నె తొందరగా వేడెక్కి నాలుకను చురుక్కుమనిపిస్తుందని ఎక్కడో విన్నాను. అది నిజమేనా? నిజమైతే ఎంత చిన్నది వరకు పర్వాలేదు? గిన్నె కొలతలు చూసి కొనాలా, కాడ పొడవు చూసి కొనాలా? అనుభవమున్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: పొదుపరి (డల్లాస్)

కొత్త పైపు అవసరమే లేదని నా అభిప్రాయం. ఉన్న పైపులోనే సగం వరకు పొగాకు వేసుకోండి. నేను పన్నెండేళ్లుగా అదే చేస్తున్నాను. చిన్న పైపు కొనుక్కున్నవారు ఆరు నెలల్లో ఇంకొకటి, ఏడాదిలో మరొకటి కొనడం కళ్లారా చూశాను. ఇరవై డాలర్లతో మొదలైన ఈ అలవాటు ఇరవై దగ్గర ఆగదు. సగం నింపినప్పుడు అడుగున కాస్త గట్టిగా అదిమి, అగ్గిపుల్లను గిన్నెలోకి వంచి ముట్టిస్తే సరిపోతుంది.

జవాబు: బెండుపైపు (సెయింట్ లూయిస్)

పొదుపరి గారి మాటలో సగం నిజముంది, మిగిలిన సగంతో నాకు పేచీ ఉంది. లెక్క వేసి చూద్దాం. మీ పెద్ద గిన్నెలో సుమారు 10.8 ఘన సెంటీమీటర్ల చోటుంది. అందులో సగం నింపితే 5.4. లోపలి వెడల్పు 16 మిల్లీమీటర్లు, లోతు 25 మిల్లీమీటర్లు ఉన్న చిన్న గిన్నెను నిండా నింపితే 5. పొగాకు పరిమాణం ఇంచుమించు ఒకటే అయినా పొగ ఒకటి కాదు. పెద్ద గిన్నెలో నిప్పు అంటుకునే ముఖం సుమారు 283 చదరపు మిల్లీమీటర్లు, చిన్నదానిలో 201. అంటే సగం నింపిన పెద్ద గిన్నెలో దాదాపు 40 శాతం ఎక్కువ మేర ఒకేసారి మండుతుంది. ఆ మంటను నిలపడానికి దమ్ము కూడా తరచుగా లాగాలి. వెడల్పున్న చోట పలుచని పొర మండి త్వరగా అయిపోతుంది, ఇరుకు గిన్నెలో అదే పొగాకు నిలువుగా పేరుకుని నిదానంగా కిందికి దిగుతుంది. పైగా సగం ఖాళీ గిన్నెలో 19 మిల్లీమీటర్ల లోతున ఉన్న పొగాకును అందుకోవాలంటే మంటను లోపలికి వంచాలి, అప్పుడు గిన్నె అంచు మాడుతుంది. సహోద్యోగి ఇచ్చిన మంచి బ్రయర్‌కు ఆ మచ్చ ఎందుకు?

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు గిన్నె కొలతల్లోనే ఉంది. లోపలి వెడల్పు 16 నుండి 18, లోతు 25 నుండి 30 మిల్లీమీటర్ల మధ్య ఉన్న పైపులో ఒక గ్రాము అటూఇటూగా పొగాకు పట్టి, పదిహేను నుండి ఇరవై ఐదు నిమిషాలు వస్తుంది. అంతకంటే ఇరుకైనది వద్దని గట్టిగా చెబుతాను. 14 మిల్లీమీటర్ల కంటే సన్నని గిన్నెలో మామూలు కోత పొగాకు సరిగా కూరడమే కష్టం. కొద్దిగా గట్టిగా అదిమితే గాలి ఆడదు, వదులుగా వేస్తే రెండు దమ్ముల్లో భగ్గుమంటుంది. మీరు చెప్పిన బొటనవేలంత పైపులు షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటాయి.

చిన్న గిన్నె వేడెక్కుతుందన్నది సగమే నిజం. వేడిని నిర్ణయించేది గిన్నె చిన్నతనం కంటే దాని గోడ మందం, గోడ దేనితో చేసినదన్నది, అన్నిటికీ మించి లాగేవారి తొందర. పైపును చిన్నగా, అందంగా చేయాలని గోడను పలచగా చెక్కిన చౌక బ్రయర్లు ఉంటాయి. వాటిని నాలుగు దమ్ముల తరువాత చేత్తో పట్టుకోలేం. గోడ కనీసం 5 మిల్లీమీటర్లు లేనిది తీసుకోకండి.

ఇక ఏది కొనాలంటే, నేను నిస్సంకోచంగా మొక్కజొన్న బెండు పైపు అంటాను. నా ఇంటికి యాభై మైళ్ల దూరంలో తయారవుతుందన్న అభిమానం కొంత ఉండవచ్చు కాని, కారణం అది మాత్రమే కాదు. మిసోరి నది ఒడ్డున వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో, హాలండ్ నుండి వలస వచ్చిన హెన్రీ టిబ్బీ అనే వడ్రంగి 1869లో ఈ పైపులు చేయడం మొదలుపెట్టాడు. బెండు పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, ఆరాక నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంటు పొందాడు. తేలికగా ఉండి తేమను పీల్చుకునే గుణంలో ఇది తుర్కియే దేశపు మీర్‌షామ్ రాతికి సాటి వస్తుందని, ఆ రాయి పేరే తన సరుకుకు పెట్టుకున్నాడు. మిసోరి మీర్‌షామ్ అన్న పేరుతో ఆ సంస్థ ఇప్పటికీ అక్కడే నడుస్తోంది. ఇందుకోసం ప్రత్యేకంగా పండించే లావుపాటి కండెల గింజలు ఒలిచి, బెండ్లను ఏళ్ల తరబడి ఆరబెట్టాకే చెక్కుతారు. మన ఊళ్లో పొయ్యి కిందకో, గానుగ పక్కన కుప్పకో పోయే బెండు అలా ఆరి గట్టిపడ్డాక చెక్కకు తీసిపోదు. రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా సేనాని జనరల్ మెకార్థర్ ఫొటోల్లో ఆయన నోట కనిపించే పొడుగాటి పైపు కూడా బెండుదే, అయితే ఆ లోతైన గిన్నె మీకు కావలసినదానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ సంస్థ చేసే చిన్న నమూనాల్లో మోర్గన్ అనేది మీ పనికి సరిపోతుంది, మీరు అనుకున్న ధర లోపలే దొరుకుతుంది.

బెండు వేడిని చేతికి తొందరగా చేరనివ్వదు, తేమను కొంత తానే పీల్చుకుంటుంది, మొదటి రోజు నుండే తాగవచ్చు. బ్రయర్‌కు లాగా లోపల మసిపొర కట్టేదాకా మచ్చిక చేసుకోవలసిన పని లేదు. నేల మీద పడితే చాలాసార్లు ఏమీ కాదు. విరిగినా పోయేది రెండు కాఫీల డబ్బు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. బెండు పైపుల్లో చాలావాటికి చెక్క కాడ కొస గిన్నె లోపలికి కొద్దిగా పొడుచుకుని వస్తుంది. ఆ కొసకు నిప్పు తగిలితే కాలిన పుల్ల వాసన వస్తుంది. అందుకని చివరి దమ్ము దాకా పట్టుబట్టకుండా అడుగున కొంచెం వదిలేయాలి. కొనే ముందు పైపు క్లీనర్ తీగను నోటి కొస నుండి దూర్చి చూడండి. అది అడ్డు లేకుండా గిన్నె అడుగుకు వస్తే కొనండి, రాకపోతే ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయండి.

జవాబు: రెండు బ్యారన్లు (కొండపి, ప్రకాశం జిల్లా)

అందరూ పైపు గురించే మాట్లాడుతున్నారు, పొగాకు గురించి ఎవరూ అడగడం లేదు. మాది పొగాకు పండించే ఇల్లు. నేను పైపు తాగేది ఏడాదికి నాలుగైదు సార్లే. అయినా ఆకు సంగతి కొంత తెలుసు కనుక చెబుతాను.

నాలుక చురుక్కుమనడానికి గిన్నెది ఒక వంతు తప్పయితే, ఆకుది, దాని పదునుది, అంటే ఆకులో ఉన్న చెమ్మది, రెండు వంతులు. మేం వర్జీనియా ఆకును కర్రలకు కట్టి బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గదిలో, ఎక్కించి ఐదారు రోజులు వేడి పెడతాం. మొదట ఆకు పసుపెక్కుతుంది, తరువాత రెక్క ఆరుతుంది, చివరికి ఈనె ఎండుతుంది. పసుపెక్కే దశలో ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, ఆ వెంటనే పెంచిన వేడి దాన్ని అలాగే నిలబెడుతుంది. వినుకొండ వైపు పండించే బర్లీ ఆకును నీడలో వేలాడదీసి వారాల తరబడి ఆరనిస్తారు. ఆ వ్యవధిలో ఆకు తన చక్కెరను తానే తినేస్తుంది. అందువల్ల వర్జీనియా తియ్యగా ఉన్నా ఆత్రంగా లాగితే వేడిగా మండి నాలుకను కాల్చుతుంది, బర్లీ అంత తీపి కాకపోయినా తొందరపాటును కొంత సహిస్తుంది. గరాజులో చలికి వణుకుతూ తాగే మనిషి తొందరగా లాగకుండా ఉండలేడు కనుక, మీకు బర్లీ పాలు ఎక్కువ ఉన్న మిశ్రమమే అనుకూలమని నా ఉద్దేశం. అమెరికాలో 1907 నుండి దొరుకుతున్న ప్రిన్స్ ఆల్బర్ట్ ఆ తరహాదే, ధర కూడా తక్కువే. మా ఇంట్లో పండేది వర్జీనియా అయినా ఈ మాట అంటున్నానంటే నమ్మండి.

కోత కూడా చూసుకోవాలి. బిళ్లలుగా నొక్కి పలకల్లా కోసిన పొగాకును మడిచి కూరితే నిదానంగా కాలుతుంది, అది పెద్ద గిన్నెకు, తీరికైన సాయంత్రానికి తగినది. చిన్న గిన్నెకు సన్నని రిబ్బన్ కోత మేలు. మీ దగ్గర పలకలే ఉంటే అరచేతుల మధ్య పూర్తిగా నలిపి పీచులా చేసుకోండి.

ఇక పదును సంగతి. మేం ఆకును గ్రేడు చేసేటప్పుడు పదును చూడకుండా ముట్టుకోం. పదును తక్కువైతే చేతిలో పొడి అవుతుంది, ఎక్కువైతే బేలులో బూజు పడుతుంది. డబ్బాలో వచ్చే పైపు పొగాకు సాధారణంగా చెమ్మ ఎక్కువగానే ఉంటుంది. చిన్న గిన్నెలో ఆ చెమ్మ వెళ్లడానికి చోటు లేక ఆవిరై నేరుగా నాలుక మీదికి వస్తుంది. పొగ కాల్చిందని మనం అనుకునేది చాలాసార్లు ఆవిరి కాల్చిందే. తాగడానికి అరగంట ముందు ఒక గ్రాము పొగాకును కాగితం మీద పరిచి ఉంచండి. వేళ్ల మధ్య నొక్కి వదిలితే ఉండలా అతుక్కోకుండా మెల్లగా విచ్చుకోవాలి, కరకరమని విరగకూడదు. సువాసనలు కలిపిన రకాల్లో తేమను పట్టి ఉంచే ద్రవాలు కలుపుతారు, అవి ఎంతసేపు పరిచినా తొందరగా ఆరవు. చిన్న పైపులో వాటి జోలికి పోకపోవడం మంచిది.

ఇంటి నుండి ఎవరైనా చుట్ట పొగాకు తెస్తే దాన్ని పైపులో వేసే ప్రయోగం మాత్రం చేయకండి. లంక పొగాకు ఘాటు చిన్న గిన్నెతో తగ్గదు. మా బావగారు ఒకసారి చేశారు, మధ్యాహ్నం వరకు మంచం దిగలేదు.

జవాబు: పంటిగాటు (విజయనగరం)

నేను దంతవైద్యుణ్ణి. పైపు మానమని చెప్పే వంతు మీ ఇంట్లోవారికి వదిలేసినా, వేడి గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. మా ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే వృద్ధ స్త్రీల అంగిలిని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. అంగిలి మీద తెల్లని పొర, దాని మీద ఎర్రని చుక్కలు, కొందరిలో చివరికి క్యాన్సరు. పొగ ఎలాగూ హాని చేసేదే, దానికి వేడి తోడైతే అంగిలికి రెట్టింపు బాధ. పైపు పొగను గుండెల్లోకి పీల్చకపోయినా, నికోటిన్ నోటి చర్మం గుండానే ఒంటికి పడుతుంది, నోటికి, గొంతుకు ముప్పు అలాగే ఉంటుంది.

ఇది చెప్పడానికి కారణం కాడ పొడవు. చలిలో నోట పట్టుకుని తాగడానికి వీలని మూడు నాలుగు అంగుళాల పొట్టి పైపులు అమ్ముతారు. ముక్కుకు వెచ్చగా తగులుతుంది కనుక ఇంగ్లీషువారు వాటికి ముక్కు కాచేవి అని ముద్దుపేరు పెట్టారు. గిన్నె చిన్నదైనా కాడ పొట్టిదైతే పొగ చల్లారే వ్యవధి ఉండదు. కాబట్టి బెండుపైపు గారు కొలతలన్నీ గిన్నెలోనే ఉన్నాయన్నదానికి నేను సవరణ చెబుతున్నాను. గిన్నె చిన్నది, కాడ మాత్రం మామూలు పొడవున్నది తీసుకోండి. జపానువారి కిసేరు పైపు చూడండి. గిన్నెలో గోరంత పొగాకే పడుతుంది, వెంట్రుకల్లా తరిగిన ఆకు, మూడు నాలుగు దమ్ములతో సరి. అయినా కాడ జానెడు ఉంటుంది.

మట్టి పైపు గురించి మీరు అడిగారు కనుక చెబుతున్నాను. పొగాకు కొత్తగా వచ్చి బంగారంలా ధర పలికిన రోజుల్లో ఇంగ్లండులో మట్టి పైపుల గిన్నెలు ఎంత చిన్నవంటే, పొలాల్లో అవి బయటపడినప్పుడు తరువాతి తరాలవారు దేవకన్యల పైపులని చెప్పుకున్నారు. రుచి తేటగా ఉంటుంది, పాత పొగాకు వాసన పట్టదు. కాని గిన్నె ముట్టుకుంటే కాలుతుంది, సిమెంటు నేల మీద ఒక్కసారి పడితే ముక్కలే. మీ గరాజుకు అది పనికిరాదు.

జవాబు: పొదుపరి (డల్లాస్)

40 శాతం లెక్కకు నా దగ్గర సమాధానం లేదు. అంచు మాడే మాట కూడా నిజమే. మాడిపోయి చాలా కాలమైంది కనుక నేనిక పట్టించుకోవడం లేదు.

సగంతలుపు (డెట్రాయిట్ శివారు)

అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నాను. పద్నాలుగు డాలర్లకు ఒక చిన్న బెండు పైపు కొన్నాను. కొలిచాను: లోపలి వెడల్పు 17, లోతు 27 మిల్లీమీటర్లు. కాడ మామూలు పొడవున్నదే. దుకాణంలో పైపు క్లీనర్ దూర్చి చూస్తానంటే యజమాని నవ్వి తానే ఒకటి చేతికిచ్చాడు.

బర్లీ మిశ్రమం ఒక గ్రాము తూచి, భోజనానికి ముందు కాగితం మీద పరిచి, తిన్నాక తీసుకుని వెళుతున్నాను. మొదటి రోజు పదకొండు నిమిషాల్లో అయిపోయింది, నాలుక కూడా మండింది. అది పైపు తప్పు కాదు, మైనస్ తొమ్మిది డిగ్రీల చలిలో రైలింజనులా లాగాను. మూడో రోజు నుండి గడియారం చూసుకుంటూ నిమిషానికి రెండు దమ్ములకు మించకుండా తాగితే పంతొమ్మిది నిమిషాలు వచ్చింది. గిన్నె పట్టుకుంటే చేతికి గోరువెచ్చగా హాయిగా ఉంది. పెద్ద పైపులో చలికి కాడలో నీరు చేరి గురగురమనేది, ఇందులో ఆ చప్పుడు లేదు.

అయితే చెప్పిన జాగ్రత్త మరిచి నాలుగో రోజు అడుగు దాకా లాగాను, కాడ కొస మాడింది. అప్పటి నుండి చివరి ఐదు నిమిషాల్లో పుల్ల కాలిన వాసన వస్తోంది. దీనికి మందేమైనా ఉందా, లేక రెండు కాఫీల డబ్బు అప్పుడే పోయినట్టా?

జవాబు: బెండుపైపు (సెయింట్ లూయిస్)

పోలేదు. ముందు మాడిన కొసను చిన్న చాకుతో గీకి మసి తీసేయండి. తరువాత చుట్ట బూడిదను గాని సిగారు బూడిదను గాని నాలుగు చుక్కల నీటితో కలిపి, ఇడ్లీ పిండి కంటే కొంచెం గట్టిగా చేయండి. పైపు క్లీనర్‌ను కాడలోకి దూర్చి, దాని కొస గిన్నెలోకి వచ్చేలా ఉంచండి, లేకపోతే గాలి దారి కూడా పూడిపోతుంది. ఆ ముద్దను అడుగున వేసి, పొడుచుకు వచ్చిన చెక్క చుట్టూ వేలితో అదిమి, దారి నోటి మట్టానికి చదును చేయండి. క్లీనర్‌ను అలాగే ఉంచి రెండు రోజులు కదపకండి. ఆరాక గట్టిపడి అడుగు చదునవుతుంది, నిప్పు చెక్కను తాకదు. లోతు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గుతుంది కనుక మీ పంతొమ్మిది నిమిషాలు పదిహేడు కావచ్చు.

జవాబు: రెండు బ్యారన్లు (కొండపి, ప్రకాశం జిల్లా)

బూడిద కావాలంటే చెప్పండి. మా బావగారి దగ్గర చుట్టలు ఇంకా మిగిలే ఉన్నాయి.